రామప్పకు ఒక పొద్దున మొత్తం ఇవ్వండి: గుడి, చెరువు, చుట్టుపక్కల ఊళ్లు ఎలా చూడాలి

మేం మొదటిసారి రామప్ప గుడికి వెళ్లింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. కిరాయి వ్యాను మాట్లాడుకుని ఒకే రోజులో ఆరు చోట్లు చూద్దామని బయల్దేరాం. గుడి అరుగు ఎక్కగానే అమ్మ కాళ్లు కాలిపోయాయి. పాపం, ఆవిడ నీడ కోసం పరుగెత్తినట్టే లోపలికి వెళ్లి, దండం పెట్టుకుని, అదే పరుగుతో బయటికి వచ్చేసింది. డ్రైవర్ "లక్నవరంలో బోటు టైమ్ అయిపోతది" అని తొందరపెట్టాడు. ఇరవై నిమిషాల్లో ముగిసిపోయింది. ఇంటికొచ్చాక ఫోన్లో ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, మేం అసలు చూడనివే ఎక్కువ కనిపించాయి.

ఆ తర్వాత నాలుగైదు సార్లు వెళ్లాను. ఎప్పుడు వెళ్లాలి, దేని తర్వాత ఏది చూడాలి అన్నది అలా వెళ్లగా వెళ్లగా తెలిసింది. మీరు మొదటిసారే బాగా చూడాలని ఇది రాస్తున్నాను.

ముందు రోజులు లెక్క వేసుకోండి

రామప్ప గుడి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేటలో ఉంది. హన్మకొండ నుంచి 65-70 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి రెండు వందలకు పైమాటే. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు చాలామంది ఉన్నారు. చేయొచ్చు. కానీ మీరు గుడికి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది, తిరిగి వెళ్లాలన్న టెన్షన్ మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. నా మాట వినండి, హన్మకొండలో రెండు రాత్రులు ఉండేలా వేసుకోండి. శుక్రవారం సాయంత్రానికి చేరితే ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కేయొచ్చు.

రైల్లో వస్తే కాజీపేటలో గానీ వరంగల్‌లో గానీ దిగండి, రెండూ హన్మకొండకు దగ్గరే. హైదరాబాద్ నుంచి బస్సయితే ఉప్పల్ వైపు నుంచి దొరుకుతూనే ఉంటాయి. బసకు హన్మకొండలో పర్యాటక శాఖ వాళ్ల హరిత కాకతీయ ఉంది, మామూలు లాడ్జీలూ ఉన్నాయి.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. నన్నడిగితే మాత్రం వానలు వెనకబట్టే సెప్టెంబర్ చివర ఇంకా బాగుంటుంది. చెరువులు నిండుగా ఉంటాయి, దారి పొడవునా వరి పచ్చగా ఉంటుంది, గుడి రాయి వానకు కడిగినట్టు మెరుస్తుంది. ఒక్క జాగ్రత్త: రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. అప్పుడు ఈ దారంతా జనసముద్రం. జాతరకే వెళ్లేవాళ్ల సంగతి వేరు, గుడిని నిదానంగా చూడాలనుకునేవాళ్లు ఆ ముందువెనక వారాలు వదిలేయండి.

మొదటి సాయంత్రం: వేయి స్తంభాల గుడి

బ్యాగులు గదిలో పడేసి, ముఖం కడుక్కుని నేరుగా వేయి స్తంభాల గుడికి వెళ్లండి. ఊరి మధ్యలోనే, ఆటోలో పది నిమిషాలు. దీన్ని రామప్ప కంటే ముందు చూడమనడానికి కారణం ఉంది. కాకతి రుద్రదేవుడు దీన్ని 1163లో కట్టించాడు. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. సరిగ్గా యాభై ఏళ్ల తేడా. ఇక్కడి స్తంభాలను, నల్లరాతి నందిని కళ్లలో పెట్టుకుని మర్నాడు పాలంపేట వెళితే, ఒక తరంలో ఉలి ఎంత సన్నబడిందో మీకే తెలిసిపోతుంది.

ఇది త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే రంగమండపం. ఎదురుగా ఉన్న కళ్యాణ మండపాన్ని కొన్నేళ్ల కింద రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టారు, 2024లో తెరిచారు. స్తంభాలను లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించండి, మీరు కాసేపు మెట్ల మీద కూర్చోండి. ఓపిక ఉంటే అటునుంచి భద్రకాళి గుడికి వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకుని చెరువు గట్టు మీద చల్లగాలికి నడవండి. త్వరగా పడుకోండి. పొద్దున్నే లేవాలి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

అన్నిటికంటే ముందు, మనిషికో జత కాటన్ సాక్సులు. చెప్పులు బయట విడవాల్సిందే, పది దాటాక రాతి అరుగు పెనంలా కాలుతుంది. అమ్మను రెండోసారి తీసుకెళ్లినప్పుడు నేను గుర్తుపెట్టుకున్న మొదటి వస్తువు ఇదే. ఆ తర్వాత నీళ్లు, ఒక టార్చిలైటు (ఫోన్ లైటు కన్నా చిన్న టార్చి మేలు, వెలుగు ఒకచోట పడుతుంది), కొంత చిల్లర డబ్బు. దారిలో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఫోన్ పే మీదే ఆధారపడొద్దు. తినేవి సంచిలో కనపడకుండా పెట్టండి, కోతులుంటాయి. కెమెరా స్టాండు తెచ్చుకునేవాళ్లకు ఒక మాట: పురావస్తు శాఖ అనుమతి లేకుండా దాన్ని లోపల వాడనివ్వరు.

పొద్దున ఐదున్నరకే బయల్దేరండి

సొంత కారో, మాట్లాడుకున్న కారో ఉంటే 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు వైపు వెళ్లండి. ములుగు ఇంకా రాకముందే జాకారం దగ్గర గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం వెళ్లేవాళ్లు మొదటి కొబ్బరికాయ ఇక్కడే కొడతారు. మామూలు రోజుల్లో కూడా బండ్లు ఆగుతాయి, మీరూ ఆగి దండం పెట్టుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరాలి.

బస్సులో అయితే హన్మకొండ బస్టాండ్ నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు బస్సులు రోజంతా ఉంటాయి. ములుగులోనో జంగాలపల్లి క్రాస్‌లోనో దిగి ఆటో మాట్లాడుకోండి. రానూ పోనూ మాట్లాడుకుని, అతను అక్కడే ఆగుతాడా, మళ్లీ వస్తాడా అన్నది ముందే తేల్చుకోండి. అన్నా, తమ్ముడూ అని పలకరించి మాట్లాడితే చెరువు దగ్గరికీ అతనే తిప్పుతాడు. తెలంగాణ చిరునామా ఆధార్ ఉన్న ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కార్డు పట్టుకెళ్లడం మరిచిపోకండి.

టిఫిన్ ములుగులోనే చేసేయండి. పాలంపేటలో పొద్దున్నే అన్నీ దొరకవు.

గుడి దగ్గర: తొందరపడి లోపలికి వెళ్లకండి

అందరూ చేసే పొరపాటు ఇదే. గేటు దాటగానే నేరుగా గర్భగుడికి నడుస్తారు, దర్శనం అవుతుంది, వెనక్కి వస్తారు. మీరు ముందు పచ్చిక మీద, గుడికి ఓ యాభై అడుగుల దూరంలో నిలబడండి. రంగులు చూడండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, చూరు కింది బొమ్మలు నిగనిగలాడే నల్లరాయి, దీన్నే డోలరైట్ అంటారు. పైన శిఖరం రాతిది కాదు, ఇటుకలది. నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలు. అడుగున ఆరడుగుల ఎత్తు అరుగు, నక్షత్రంలా కోణాలు కోణాలుగా ఉంటుంది. ఆ అరుగు కింద పునాదిలో గోతులు తవ్వి ఇసుక నింపారు. భూమి కదిలితే ఆ అదురును ఇసుక తీసుకుంటుంది, రాయి పగలదు. ఎనిమిది వందల ఏళ్ల బరువును ఈ గుడి అలా మోస్తోంది. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. అందుకే అసలు పేరు రుద్రేశ్వరాలయం. రామప్ప అన్నది శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటారు. రాజు పేరు, సేనాని పేరు పుస్తకాల్లో ఉండిపోగా జనం నోట్లో మాత్రం ఉలి పట్టినవాడి పేరే నిలిచింది. నాకు ఈ గుడి అంటే అంత ఇష్టం కావడానికి అదొక కారణం. ఆవరణలోనే చిన్న మండపంలో శాసన స్తంభం ఉంది, సంస్కృతంలో ఉంటుంది. చదవలేకపోయినా ఒకసారి దగ్గరికి వెళ్లి అక్షరాల వరుస చూడండి.

ఇప్పుడు అరుగు ఎక్కి ప్రదక్షిణ మొదలుపెట్టండి. గుడి తూర్పు ముఖం. పొద్దుటి ఎండ ముందుగా తూర్పు వాకిలి మీద పడుతుంది కాబట్టి అక్కడి నల్లరాతి బొమ్మలు ఏడు, ఎనిమిది మధ్య అద్భుతంగా ఉంటాయి. గోడ అడుగున ఏనుగుల వరుస చూడండి, గుడి చుట్టూ సాగిపోతూనే ఉంటుంది. పిల్లలుంటే "ఒకదానికొకటి తేడా ఎక్కడుందో చెప్పు" అని అడగండి. తొండం ఒకటి పైకి, ఒకటి పక్కకి. అరగంట మాట్లాడకుండా తిరుగుతారు.

తర్వాత తల ఎత్తండి. మూడు వాకిళ్ల దగ్గర చూరును మోస్తున్నట్టు ఏటవాలుగా నిలబడిన 12 మంది మదనికలు, అంటే అందగత్తెల రాతి బొమ్మలు. వీళ్ల కోసమైనా ఇంకోసారి రావాలనిపిస్తుంది. ఒకామె ఒంటి మీద పాములు, ఆమెను నాగిని అంటారు. ఒకామె కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు, ఇప్పటి హైహీల్స్ లాంటివే. పదమూడో శతాబ్దపు రాయి మీద ఆ చెప్పులు చూసి మా చెల్లి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. మీరు ఒక్క మదనికను ఎంచుకోండి. ఒక్కర్నే. ఐదు నిమిషాలు ఆమె కిందే నిలబడి పాదం నుంచి పైకి చూస్తూ వెళ్లండి. కాలి అందె, దాని కింద మడిచిన వేలు, నడుము దగ్గర మేఖల ముత్యాలు, మెడలో హారం ఒంపు తిరిగిన దగ్గర పడిన నీడ. హారానికీ ఒంటికీ మధ్య రాయిని తొలిచేసి సూది దూరేంత సందు వదిలారు. ఒక్క దెబ్బ గట్టిగా పడితే మొత్తం బొమ్మే పోయేది. ఆ జాగ్రత్త మీ కంటికి ఆనితే, మిగతా పదకొండు మందిని ఎలా చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

లోపలికి వెళ్లే ముందు ఎదురుగా ఉన్న నంది దగ్గర ఆగండి. చెవులు రిక్కించి, స్వామి పిలిస్తే లేచి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటుంది. మెడలో గంటల దండలు చూడండి, ఒక్కో గంట విడివిడిగా కనిపిస్తుంది.

రంగమండపంలో

లోపల నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది. పెద్దవాళ్ల చేయి పట్టుకోండి. పైకి చూస్తూ నడవకండి, నిలబడి చూడండి.

మధ్యలో నాలుగు నల్లరాతి స్తంభాలు. తరిణె పట్టినట్టు గుండ్రంగా, అద్దంలా ఉంటాయి. టార్చిని బొమ్మ మీదికి నేరుగా కొట్టకండి, ఏమీ కనపడదు. పక్కనుంచి, రాయికి ఆనించినట్టు పట్టండి. అప్పుడు గీతలన్నీ లేచి వస్తాయి. పై దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపుర సంహారం ఉన్నాయి. పైకప్పు మధ్యలో నాట్యమాడుతున్న శివుడు. మెడ నొప్పి పెట్టకుండా చూడాలంటే ఒక చిట్కా: ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, చేతిలో వెల్లకిలా పట్టుకుని తెర మీద చూడండి. మా నాన్నకు మెడ బెణికి ఉన్నప్పుడు అలాగే మొత్తం చూపించాను.

ఒక స్తంభం మీద వేణువు ఊదే కృష్ణుడున్నాడు. అక్కడ తడితే స్వరాలు పలుకుతాయని చెబుతారు, గైడ్లు కొందరు తట్టి చూపిస్తారు కూడా. మీరు తట్టకండి. అడిగి తట్టించకండి. రోజూ ఇన్ని చేతులు తగిలితే ఆ రాయి ఎన్నాళ్లుంటుంది? వినాలన్న సరదా నాకూ ఉండేది, ఇప్పుడు లేదు.

గర్భగుడి ముందు ద్వారం పక్కన నర్తకుల, వాద్యకారుల బొమ్మలున్నాయి. మద్దెల వాయించేవాళ్ల మోచేతులు గమనించండి. గణపతిదేవుడి గజసేనాని జాయప, నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథం రాసింది ఈ కాలంలోనే. ఏడు వందల ఏళ్ల తర్వాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్ని, ఈ గోడల మీది భంగిమలను పక్కపక్కన పెట్టుకుని కాకతీయుల నాటి పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఈ రాళ్లలోంచి ఒక నాట్యం తిరిగి లేచి వచ్చిందని తెలిశాక చూస్తే ఆ బొమ్మలు వేరేగా కనిపిస్తాయి.

ఇప్పుడు దర్శనం చేసుకోండి. రామలింగేశ్వర స్వామికి నిత్య పూజ జరిగే గుడి ఇది. పొద్దున్నే రద్దీ తక్కువ, పూజారి గారు నింపాదిగా అర్చన చేయిస్తారు. సోమవారాలు, కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో మాత్రం శిల్పం చూడాలన్న ఆశ పెట్టుకోకుండా భక్తితో వెళ్లి రండి.

బయటికి వచ్చాక పక్కనే కామేశ్వరాలయం ఉన్న చోటికి నడవండి. దాన్ని మళ్లీ కట్టడం కోసం రాళ్లు విప్పారు. ఒక స్తంభం ఎన్ని ముక్కలతో నిలబడుతుందో, ఏది దేనిమీద కూర్చుంటుందో అక్కడ అర్థమవుతుంది. రాళ్ల మీదికి ఎక్కకండి, ముక్కలు ఏరకండి.

చెరువు, తర్వాత కోటగుళ్లు

గుడి నుంచి కిలోమీటరు దూరంలోనే రామప్ప చెరువు. ఇదీ గుడి కాలం నాటిదే, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. గుడి చూసి చెరువు చూడకుండా వెళ్తే సగం చూసినట్టే. కట్ట మీద నిలబడి ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తూము కింద పచ్చటి మడులు చూడండి. అక్కడ మీకు ఫొటో తీసుకునే కోణాలు చాలానే దొరుకుతాయి, కట్ట అంచు మీద మాత్రం నిలబడకండి.

అక్కడినుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో గణపురం కోటగుళ్లు ఉన్నాయి. గణపతిదేవుడి కాలం నాటి గుళ్ల గుంపు. పెద్ద గుడి చుట్టూ చిన్న చిన్న గుళ్లు, చాలావరకు ఒరిగి, కూలి, గడ్డిలో నిలబడి ఉంటాయి. జనం తక్కువ. రామప్పలో మీరు చూసిన మదనికల చెల్లెళ్లు ఇక్కడా కనిపిస్తారు. ముప్పావు గంట చాలు. చిన్నపిల్లలతో అలసిపోయి ఉంటే దీన్ని వదిలేసినా తప్పులేదు.

లక్నవరం సాయంత్రానికి

మధ్యాహ్న భోజనం ములుగులో చేసి, మళ్లీ పెద్ద రోడ్డెక్కి గోవిందరావుపేట వైపు వెళ్లండి. చల్వాయి దగ్గర మలుపు తిరిగితే అడవిలోంచి లక్నవరం చెరువు. ఇదీ కాకతీయుల నాటిదే, గుట్టల మధ్య దాచినట్టు ఉంటుంది. మధ్యలో చిన్న చిన్న దీవులు, వాటికి వేలాడే వంతెనలు. మూడున్నర దాటాక వెళ్తే ఎండ మెత్తబడుతుంది. శని, ఆదివారాలు బాగా రద్దీ, వంతెన మీద ఊగుతూ ఫొటోలు తీసుకునేవాళ్లు ఎక్కువ, పిల్లల్ని దగ్గర పెట్టుకోండి. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని ఊరుకోవద్దు.

అక్కడే దీవి మీద కాటేజీలున్నాయి, ముందుగా బుక్ చేసుకుంటే రాత్రి ఉండొచ్చు. లేదంటే చీకటి పడకముందే అడవి దారి దాటి రహదారి ఎక్కేయండి. బొగత జలపాతం కూడా ఇదే రోజు చూసేద్దామని డ్రైవర్లు అంటారు. అది వాజేడు దగ్గర, గోదావరి దాటి వెళ్లాలి. దానికి వేరే రోజు కావాలి. ఒప్పుకోకండి.

మర్నాడు పొద్దున: వరంగల్ కోట

కోటను కావాలనే చివరికి ఉంచాను. పొద్దున ఏడున్నర, ఎనిమిదికల్లా చేరండి. నాలుగు వైపులా నాలుగు కీర్తి తోరణాలు, తెలంగాణ రాజముద్రలో మీరు రోజూ చూసే తోరణం ఇదే. మధ్యలో స్వయంభూ శివాలయం ఉండిన చోటు. ఇప్పుడు అక్కడ గడ్డి మీద వరసలు వరసలుగా రాతి ముక్కలు. చాలామంది తోరణం దగ్గర ఫొటో దిగి, ఈ రాళ్లను దాటుకుంటూ కోటలోని ఖుష్ మహల్ అనే పాత భవనం వైపు వెళ్లిపోతారు.

మీరు ఆగండి. నిన్నంతా రామప్పలో చూసిన కళ్లతో ఈ ముక్కల మధ్య నడవండి. ఇదిగో, ఈ వంపు తిరిగింది చూరు రాయి. ఈ గుండ్రటిది స్తంభం నడుము. ఇది ద్వారం పక్క భాగం, నర్తకి కాలు ఒక్కటే మిగిలింది. ఇది గోడ అడుగు వరుస, ఏనుగు తొండం దగ్గర విరిగింది. మా నాన్న అలా ఒక్కో ముక్క ముందు వంగి, "ఇది ఎక్కడిది?" అని అడుగుతూ, తనే జవాబు చెప్పుకుంటూ గంటసేపు తిరిగారు. పడిపోయిన గుడిని ఆయన మనసులో రాయి మీద రాయి పెట్టి మళ్లీ కడుతున్నారు. వెనక అమ్మ, సాక్సులతోనే, గడ్డి మీద నిదానంగా నడుస్తోంది.